హాంకాంగ్ 1967: ఆ ఎనిమిది నెలలు సర్కారును నిలబెట్టింది ఎవరు?

వేణుమాధవ్:
అందరికీ నమస్కారం. బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్‌లో 1967లో జరిగిన అల్లర్ల గురించి కొన్ని నెలలుగా చదువుతున్నాను. ఎక్కడ చూసినా రెండే మాటలు. "బ్రిటిష్ ప్రభుత్వం గట్టిగా నిలబడింది, అందుకే అణిగిపోయాయి" అని కొందరు. "బీజింగ్‌కి అప్పట్లో హాంకాంగ్ అక్కర్లేదు, కావాలనుకుంటే ఒక్క పూట పని" అని ఇంకొందరు. రెండిట్లోనూ నిజం ఉంది. కానీ రెండిట్లోనూ అక్కడి జనం కనిపించరు. అప్పటికి ఆ ఊళ్లో 37 లక్షలకు పైగా మనుషులున్నారు. వాళ్లు ఎటు మొగ్గారన్నదే అసలు సంగతి అని నా నమ్మకం.

తెలియని వాళ్ల కోసం మొదలు చెప్తాను. హాంకాంగ్‌లోని కౌలూన్ వైపు సాన్ పో కాంగ్ అని ఫ్యాక్టరీల పేట ఉంది. అక్కడ ప్లాస్టిక్ పూలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఏప్రిల్ 1967లో యాజమాన్యం కొత్త నిబంధనలు పెట్టింది. మిషను చెడిపోయి పని ఆగితే ఆ సేపటికి కూలి లేదు. సెలవు అడగడానికి లేదు. ఎదురు తిరిగిన వాళ్లని పనిలోంచి తీసేశారు. మే 6న గేటు దగ్గర సరుకు బయటికి పోకుండా అడ్డుకున్నందుకు పోలీసులు 21 మందిని అరెస్టు చేశారు. 11వ తేదీకల్లా అది వీధి పోరాటమైంది. ఆ రాత్రే తూర్పు కౌలూన్‌లో కర్ఫ్యూ పెట్టారు. మర్నాడు 13 ఏళ్ల కుర్రాడు, మంగలి షాపులో పని నేర్చుకుంటున్న పిల్లవాడు, ఆ గొడవల్లో చనిపోయాడు.

కూలి డబ్బుల కోసం మొదలైన తగాదా వారం తిరక్కుండా రెండు దేశాల మధ్య వ్యవహారం ఎలా అయిందో, అప్పుడు ప్రభుత్వం ఏం చేసిందో మాట్లాడుకుందాం.

సుభాషిణి_కె:
మంచి టాపిక్ వేణు గారూ. మే నుంచి మొదలుపెడితే సగమే అర్థమవుతుంది. ఒక ఏడాది వెనక్కి వెళ్లాలి.

1966 ఏప్రిల్‌లో స్టార్ ఫెర్రీ మొదటి తరగతి టికెట్టు 5 సెంట్లు పెంచుతామన్నారు. ఒక యువకుడు రేవు దగ్గర నిరాహార దీక్షకి కూర్చున్నాడు. అతన్ని అరెస్టు చేయగానే కౌలూన్‌లో కొన్ని రాత్రుల పాటు అల్లర్లు. వాటి వెనక ఏ పార్టీ లేదు, ఏ దేశం లేదు. ఇరుకు గదులు, తక్కువ కూలి, లంచాలు, తమ భాష అర్థం కాని అధికారులు. కడుపు మండి బయటికొచ్చారు. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది, నివేదిక వచ్చింది. కానీ చేతల్లో పెద్దగా ఏమీ జరగకుండానే 1967 వచ్చేసింది.

రెండోది మకావు, హాంకాంగ్‌కి దగ్గర్లో పోర్చుగల్ పాలనలో ఉన్న ఊరు. 1966 డిసెంబరు 3న అక్కడ పోర్చుగీసు పోలీసులకీ చైనా అనుకూల వర్గాలకీ జరిగిన గొడవల్లో 8 మంది చనిపోయారు. ఇది కూడా చిన్నగానే మొదలైంది. తైపా ద్వీపంలో ఒక స్కూలు కట్టుకోవడానికి అనుమతి రాలేదన్న తగాదా. చివరికి 1967 జనవరి 29న గవర్నర్ నోబ్రె ద కర్వాల్యో చైనీస్ చాంబర్ ఆఫ్ కామర్స్‌కి స్వయంగా వెళ్లి, మావో చిత్రపటం కింద కూర్చుని క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టాడు. జెండా మాత్రం పోర్చుగల్‌ది. మాట చెల్లేది బీజింగ్‌ది.

హాంకాంగ్‌లోని వామపక్ష సంఘాల వాళ్లకి ఆ దృశ్యం కళ్లముందే ఉంది. గవర్నర్ డేవిడ్ ట్రెంచ్‌కీ ఉంది. "మకావులో అయింది, ఇక్కడెందుకు కాదు?" అని వాళ్లు. "మకావు ఇక్కడ జరగనివ్వను" అని ఈయన. తర్వాత జరిగినదంతా ఈ పట్టుదలలోంచే వచ్చింది.

కిరణ్77:
ఒక డౌట్. "పొరుగు దేశం అండ" అని అందరూ అంటారు కదా, అది ఎంతవరకు నిజం? డబ్బు ఇచ్చారా, ఆయుధాలు ఇచ్చారా, లేక రేడియోలో తిట్టడం వరకేనా?

వేణుమాధవ్:
మంచి ప్రశ్న కిరణ్. మూడు రకాలుగా చూడాలి.

మాట సాయం నిండుగా ఉంది. మే 15న చైనా విదేశాంగ శాఖ బ్రిటిష్ దౌత్యాధికారి డోనాల్డ్ హాప్సన్‌ని పిలిచి డిమాండ్ల కాగితం చేతిలో పెట్టింది. కార్మికుల కోరికలు ఒప్పుకోవాలి, అరెస్టయిన వాళ్లని వదలాలి, బాధ్యులని శిక్షించాలి, క్షమాపణ చెప్పాలి, ఇలాంటిది మళ్లీ జరగదని హామీ ఇవ్వాలి. మర్నాడే హాంకాంగ్‌లో పోరాట కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు కార్మిక సంఘాల సమాఖ్య నాయకుడు యెంగ్ క్వాంగ్. చైనా కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ సంపాదకీయాలు సరేసరి.

డబ్బు సాయం కూడా ఉంది. సమ్మె చేసే వాళ్ల కోసం చైనా జాతీయ కార్మిక సమాఖ్య కోటి హాంకాంగ్ డాలర్లు పంపింది. అప్పటికి అది పెద్ద మొత్తం.

సైన్యం సాయం మాత్రం రాలేదు. వస్తుందనే ఆశతోనే చాలామంది కుర్రాళ్లు రోడ్డెక్కారు. చైనా ప్రధాని చౌ ఎన్ లై విధానం 1949 నుంచీ ఒకటే, హాంకాంగ్‌ని అలాగే ఉంచి దీర్ఘకాలం పూర్తిగా వాడుకోవడం. చైనాకి అవసరమైన విదేశీ మారకంలో పెద్ద వాటా ఆ ఊరి మీదుగానే వచ్చేది. అయితే మావో సాంస్కృతిక విప్లవం పేరుతో మెతక నాయకుల్ని ద్రోహులంటూ వెంటాడుతున్న రోజుల్లో "వద్దు" అని బహిరంగంగా చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? కింది వాళ్లు రెచ్చగొడుతుంటే పైవాళ్లు మాటల్లో సై అంటూ చేతల్లో వెనక్కి లాగారు. ఈ రెండిటి మధ్య నలిగింది హాంకాంగ్ వీధుల్లోని మనుషులు.

లక్ష్మీపతిరావు:
నేను పోలీసు శాఖలో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరైన వాణ్ణి. బందోబస్తు డ్యూటీ అంటే ఏమిటో ఒంటికి తెలుసు. అందుకే మే నెల మధ్యలో గవర్నర్ బంగళా ముందు జరిగింది చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

రోజూ వేలమంది ఊరేగింపుగా వచ్చేవారు. ఒక చేతిలో మావో సూక్తుల ఎర్ర పుస్తకం, ఇంకో చేతిలో పోస్టరు. బంగళా గేటు మీద, గోడల మీద పోస్టర్లు అంటించారు. గేటు ముందు వరుసగా నిలబడ్డ కానిస్టేబుళ్ల ముఖానికి అడుగు దూరంలో నిలబడి "పసుపు తోలు కుక్కలు" అని తిట్టేవారు, ఉమ్మేవారు. ఆ కానిస్టేబుళ్లలో ఎక్కువమంది చైనీయులే. వాళ్ల ఇళ్లు కూడా ఆ నిరసనకారుల ఇళ్ల పక్కనే. ఎండలో గంటల తరబడి కదలకుండా నిలబడ్డారు. లాఠీ ఎత్తలేదు.

అది ఊరికే వచ్చే నిగ్రహం కాదు. లాఠీ ఎత్తకపోవడం ఎత్తడం కన్నా పదిరెట్లు కష్టం. చేసిన వాడికే తెలుస్తుంది. ఆ పది రోజుల ఓర్పు చూసి జనం ఒక నిర్ణయానికొచ్చారని నేననుకుంటున్నాను. మే 22న గార్డెన్ రోడ్డులో హిల్టన్ హోటల్ దగ్గర ఘర్షణ జరిగి లాఠీలు లేచాక, ఊరేగింపులు బంగళా దాకా రానివ్వలేదు. అప్పటికే ఊరు పోలీసుల పక్షం వచ్చేసింది.

ఆ మధ్యలో లౌడ్‌స్పీకర్ల యుద్ధం కూడా జరిగింది. బ్యాంక్ ఆఫ్ చైనా భవనం మీద మైకులు పెట్టి నినాదాలు వినిపించారు. ప్రభుత్వం పక్కనే తన సమాచార శాఖ భవనం మీద ఇంకా పెద్ద మైకులు పెట్టి క్యాంటనీస్ ఒపేరా వేసింది. తుపాకీ కన్నా ఇది నయం.

హైమ_హెచ్‌కే:
నేను ఎనిమిదేళ్లుగా హాంకాంగ్‌లో ఉంటున్నాను. రావు గారు గవర్నర్ బంగళా గురించి చెప్పారు, నేను షా టౌ కోక్ గురించి చెప్తాను.

ఈశాన్య మూలన సరిహద్దు మీదున్న ఊరు అది. అందులో చుంగ్ యింగ్ వీధి అని ఒకటుంది, పేరుకి అర్థమే "చైనా-ఇంగ్లండు వీధి". వీధి మధ్యలో సరిహద్దు రాళ్లు. ఒక పక్క కొట్లు చైనావి, ఎదురు కొట్లు హాంకాంగ్‌వి. మధ్య దూరం కొన్ని అడుగులే. ఇప్పుడు ముందుగా పర్మిట్ తీసుకుని ఊళ్లోకి వెళ్లొచ్చు కానీ హాంకాంగ్ వైపు నుంచి పర్యాటకుల్ని ఆ వీధిలోకి పంపరు. రేవు దాకా నడిచి, కొండల వైపు చూసి వచ్చేశాం. నిశ్శబ్దంగా ఉంటుంది.

1967 జులై 8 పొద్దున అవతలి నుంచి వందలమంది సరిహద్దు దాటి వచ్చి పోలీసు పోస్టు మీద రాళ్లు, సీసాలు విసిరారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు, కొయ్య గుళ్లు పేల్చారు. ఉన్నట్టుండి సరిహద్దు అవతల నుంచి మెషిన్‌గన్ మోగింది. 5 మంది పోలీసులు చనిపోయారు, 11 మంది గాయపడ్డారు. చనిపోయిన వారిలో ముగ్గురు చైనీయులు, ఇద్దరు పాకిస్తానీలు. మిగతావాళ్లు గంటల తరబడి లోపల ఇరుక్కుపోయారు. మధ్యాహ్నం గూర్ఖా దళం వచ్చాకే బయటపడ్డారు.

పాకిస్తాన్ నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇంగ్లండు జెండా కింద, చైనా గుండుకి చనిపోయిన ఆ ఇద్దరి గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. వాళ్ల ఇళ్లకి ఆ వార్త ఎన్నాళ్లకి చేరిందో.

కిరణ్77:
హైమ గారూ, అంత జరిగితే ఇవతలి వాళ్లు తిరిగి కాల్చలేదా? గూర్ఖాలు వచ్చారు కదా?

హైమ_హెచ్‌కే:
సరిహద్దు దాటి ఒక్క అడుగు కూడా వేయలేదు. ఆ రోజు నుంచి సరిహద్దు కాపలా పోలీసుల చేతిలోంచి సైన్యానికి మారింది, అంతే. గూర్ఖాలు గాయపడ్డ వాళ్లని తీసుకొచ్చేశారు. పెద్ద యుద్ధం మొదలవడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. ఇద్దరికీ అది అక్కర్లేదని ఆ రోజే తేలిపోయింది.

ఇంకో సంగతి. మా అపార్ట్‌మెంట్లో ఉండే ఒక పెద్దావిడకి అప్పటికి పన్నెండేళ్లు. అల్లర్ల గురించి అడిగితే బాంబుల కన్నా ముందు నీళ్ల గురించి చెప్పింది. నాలుగు రోజులకోసారి నాలుగు గంటలు నీళ్లు వదిలేవారట. కిరోసిన్ డబ్బాలు, బక్కెట్లు, ఆఖరికి పిల్లల స్నానం తొట్టి కూడా నింపి పెట్టుకునేవారట. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు, ఆ నీళ్లతోనే మళ్లీ నేల. చైనా వాళ్లు కోపంతో నీళ్లు ఆపేశారని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

సుభాషిణి_కె:
హైమా, ఆ చివరి మాట దగ్గర చిన్న సవరణ. చాలామంది ఇలాగే అనుకుంటారు కానీ ఒప్పందం చూస్తే వేరే సంగతి.

చైనాలోని తూర్పు నది నుంచి హాంకాంగ్‌కి నీళ్లు 1965లో మొదలయ్యాయి. ఒప్పందం ప్రకారం సరఫరా అక్టోబరు నుంచి జూన్ వరకే. ఏడాదికి 1,500 కోట్ల గ్యాలన్లు. జులై, ఆగస్టు, సెప్టెంబరు వానాకాలం కదా, సొంత రిజర్వాయర్లు నిండుతాయని లెక్క. 1967లో వానలు వెనకబడ్డాయి. అదనంగా నీళ్లివ్వమని హాంకాంగ్ అడిగింది, అవతలి నుంచి జవాబే లేదు. జులై 13 నుంచి నాలుగు రోజులకోసారి కొళాయి పద్ధతి పెట్టారు.

ఇవ్వాల్సినవి ఆపలేదు, అడిగినవి ఇవ్వలేదు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, అక్టోబరు 1న ఒప్పందం ప్రకారం నీళ్లు మళ్లీ వచ్చేశాయి. అప్పటికి వీధుల్లో బాంబులు పేలుతూనే ఉన్నాయి. పీపుల్స్ డైలీలో ఏం రాసినా, హాంకాంగ్‌ని ఎండగట్టడం బీజింగ్ ఉద్దేశం కాదని ఆ రోజు ప్రభుత్వానికి తెలిసిపోయింది. నన్నడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఆ పైపులో వచ్చిన నీళ్లే.

వేణుమాధవ్:
సుభాషిణి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సమ్మెలది కూడా ఇదే కథ. జూన్ 24న సార్వత్రిక సమ్మె అన్నారు, నెలాఖరున నాలుగు రోజుల ఆహార సమ్మె అన్నారు. కూరగాయలు, మాంసం అవతలి నుంచే రావాలి కాబట్టి మొదట్లో కొరత వచ్చింది, ధరలు పెరిగాయి. కానీ ఊరు ఆగలేదు. బస్సులు సగం ఆగిపోతే పల్లె ప్రాంతాల్లో తిరిగే తొమ్మిది సీట్ల వ్యాన్లు ఊళ్లోకొచ్చి జనాన్ని ఎక్కించుకున్నాయి. చట్టప్రకారం వాటికి అక్కడ తిరిగే హక్కు లేదు. పోలీసులు చూసీచూడనట్టు వదిలేశారు. 1969లో వాటికి లైసెన్సులిచ్చారు. ఈరోజు హాంకాంగ్ వీధుల్లో తిరిగే మినీబస్సుల పుట్టుక అదీ.

సమ్మె చేసిన వాళ్లలో చాలామంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పంపిన కోటి డాలర్లు వాళ్ల జీవితాలకి సరిపోలేదు. వాళ్ల బాధ ఎవరూ రాయరు.

శ్రావణి:
ఇన్ని రోజులుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. బాంబుల గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. నాకు ఈ కథలో మరిచిపోలేని భాగం అదే.

సమ్మెలు విఫలమయ్యాక జులై నుంచి నాటుబాంబులు మొదలయ్యాయి. స్థానికులు వాటిని "అనాస పళ్లు" అనేవారు. టపాసుల మందు, చేపలు పట్టే డైనమైటు మందు డబ్బాల్లో కూరి, పైన "దేశవాసులారా, దగ్గరికి రావద్దు" అని రాసిన కాగితం అంటించి, నడిరోడ్డులో, ట్రాము పట్టాల మీద, సినిమా హాళ్ల దగ్గర పెట్టేవారు. సగానికి పైగా ఉత్తుత్తివి. కానీ ఏది ఉత్తుత్తిదో ముట్టుకుంటే కదా తెలిసేది! 8,000కి పైగా అనుమానాస్పద వస్తువులు దొరికితే 1,100కి పైగా నిజమైన బాంబులే. ప్రతిదానికీ రోడ్డు మూసి, తాడు కట్టి, బాంబు నిపుణుడు ఒక్కడే నడుచుకుంటూ వెళ్లాలి.

ఆగస్టు 20న నార్త్ పాయింట్‌లో చింగ్ వా వీధిలో ఏడేళ్ల అక్క, రెండేళ్ల తమ్ముడు ఇంటి దగ్గర ఆడుకుంటున్నారు. బహుమతి పొట్లంలా చుట్టిన బాంబు పేలి ఇద్దరూ చనిపోయారు.

నాలుగు రోజుల తర్వాత లామ్ బన్. కమర్షియల్ రేడియోలో వామపక్ష ఉద్యమాన్ని విమర్శిస్తూ కార్యక్రమం చేసేవాడు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తుంటే రోడ్డు మరమ్మతు కూలీల వేషంలో ఉన్నవాళ్లు కారు ఆపి పెట్రోలు పోసి నిప్పంటించారు. అతనూ, కారులో ఉన్న బంధువూ కూడా దక్కలేదు. ఎవరు చేశారో ఈరోజు వరకూ పట్టుబడలేదు.

నాకు ఇద్దరు చిన్నపిల్లలున్నారు. కార్మికుల కష్టం నిజమే, నేను కాదనను. కానీ చింగ్ వా వీధి తర్వాత ఆ ఉద్యమానికి జనం మనసులో చోటు లేకుండా పోయింది. ఇందులో సర్కారు గొప్పతనం ఏముంది?

లక్ష్మీపతిరావు:
బాగా రాశావమ్మా. జనం ఎటు మొగ్గారన్న వేణు గారి ప్రశ్నకి ఇదే జవాబు. పైగా ఆ జనంలో ఎక్కువమంది చైనాలోంచి పారిపోయి వచ్చిన వాళ్లు. 1962లో ఆకలికి తట్టుకోలేక వేల సంఖ్యలో సరిహద్దు దాటారు. వాళ్లకి ఇంగ్లీషు దొర మీద ప్రేమ ఉండి కాదు, వదిలి వచ్చింది మళ్లీ ఇంటికి రాకూడదని. వందలాది సంఘాలు పేపర్లలో ప్రభుత్వానికి మద్దతు ప్రకటనలు వేశాయి.

ఇంకో చిన్న సంగతి. బాంబుల కోసం మందు తీస్తున్నారని ఆ ఏడాదే ప్రభుత్వం టపాసులు నిషేధించింది. కొత్త సంవత్సరానికి టపాసులు లేకుండా ఉండటం చైనీయులకి ఎంత లోటో ఆలోచించండి. ఆ నిషేధం ఇప్పటికీ అలాగే ఉంది.

ఫణి_అడ్వకేట్:
రావు గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను. పోలీసుల ఓర్పు గురించి రాశారు, బాంబుల గురించి రాశారు. ప్రభుత్వం చేసిన రెండో పని గురించి కూడా రాయాలి.

అత్యవసర నిబంధనల చట్టం అని హాంకాంగ్‌లో ఒకటుంది. 1922లో ఓడ కార్మికుల సమ్మె అణచడానికి ఒకే రోజులో పాస్ చేశారు. అదే ఏడాది ఇక్కడ అల్లూరి మన్యంలో తిరగబడ్డాడు. బ్రిటిష్ వాళ్ల బుద్ధి ఎక్కడైనా ఒకటే. ఆ చట్టం కింద గవర్నరు తనకి తోచిన నిబంధన చేయొచ్చు. 1967లో దానితో పోస్టర్లు నేరమయ్యాయి, రెచ్చగొట్టే మాట నేరమైంది, గుమిగూడటం నేరమైంది. విచారణ లేకుండా మనిషిని లోపల పెట్టే అధికారం వచ్చింది. మన పీడీ యాక్టు తెలిసినవాళ్లకి దీని రుచి చెప్పక్కర్లేదు. మౌంట్ డేవిస్ దగ్గర విక్టోరియా రోడ్డులో ఒక భవనం ఉంది, "వైట్ హౌస్" అనేవారు. టీచర్లని, యూనియన్ నాయకుల్ని, సినిమా నటుల్ని అక్కడ నెలల తరబడి పెట్టారు. చార్జిషీటు లేదు, కోర్టు లేదు.

జైలుకెళ్లిన వాళ్లలో స్కూలు పిల్లలున్నారు. సాంగ్ తక్ సింగ్ అనే విద్యార్థికి స్కూల్లో కరపత్రాలు పంచినందుకు రెండేళ్లు జైలు. బాంబు పెట్టలేదు, రాయి విసరలేదు. మొత్తం శిక్షలు పడ్డవాళ్లు 1,936 మంది. వీళ్లలో బాంబులు పెట్టినవాళ్లు ఎందరు, కాగితాలు పంచినవాళ్లు ఎందరు?

నేను రోజూ కోర్టులో చూస్తాను. అత్యవసరం పేరుతో వచ్చిన అధికారం అత్యవసరం పోయాక కూడా పోదు. అదే 1922 చట్టాన్ని 2019 అక్టోబరులో నిరసనకారుల మాస్కులు నిషేధించడానికి మళ్లీ బయటికి తీశారు. అప్పటికి బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయి 22 ఏళ్లు.

లక్ష్మీపతిరావు:
ఫణి గారూ, కరపత్రానికి రెండేళ్లు అన్యాయం. ఒప్పుకుంటాను. కానీ రోజుకి పదుల సంఖ్యలో బాంబులు దొరికే ఊళ్లో కమిషనర్ కుర్చీలో కూర్చుని చూడండి. సాక్షులు ముందుకి రారు, లామ్ బన్‌కి ఏం జరిగిందో అందరూ చూశారు. జులై 12 నుంచి యూనియన్ ఆఫీసుల మీద దాడులు చేయకపోతే ఆ బాంబులు ఎక్కడ తయారవుతున్నాయో తెలిసేది కాదు. ఆగస్టు 4న నార్త్ పాయింట్‌లో కియూ క్వాన్ మాన్షన్ మీదికి బ్రిటిష్ యుద్ధనౌక హెర్మీస్ నుంచి హెలికాప్టర్లలో పోలీసులు, సైనికులు దిగారు. కింద మెట్లన్నీ అడ్డుపెట్టి ఉంచారని ముందే తెలిసి పైనుంచి వెళ్లారు. లోపల ఆయుధాలు, సొంత ఆసుపత్రి దొరికాయి. ఇది కరపత్రాల వ్యవహారం కాదు.

ఫణి_అడ్వకేట్:
ఆయుధాలు దొరికిన చోట కేసు పెట్టండి, కోర్టుకి తీసుకెళ్లండి. నేను అడ్డు చెప్పను. కోర్టుకి తీసుకెళ్లలేని మనిషిని ఏడాది పైగా లోపల పెట్టడం గురించే నా బాధ.

వేణుమాధవ్:
ఇద్దరూ చెప్పింది ఉండాల్సిందే, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని కొట్టేయలేం.

ఒక్క విషయం కలుపుతాను. హాంకాంగ్‌లో చూపించిన గట్టిదనానికి ధర కట్టింది బీజింగ్‌లో ఉన్న కొద్దిమంది. చైనా వార్తా సంస్థ షిన్హువా విలేకరిని హాంకాంగ్‌లో జైల్లో పెట్టారని, జులై 21 నుంచి రాయిటర్స్ విలేకరి ఆంటొనీ గ్రేని బీజింగ్‌లో ఆయన ఇంట్లోనే నిర్బంధించారు. ఆయన బయటపడింది 1969 అక్టోబరులో. రెండేళ్లకు పైగా.

ఆగస్టు 17న హాంకాంగ్ ప్రభుత్వం మూడు చిన్న వామపక్ష పత్రికలని మూయించింది. పెద్ద పత్రికలైన తా కుంగ్ పావ్, వెన్ వెయ్ పోల జోలికి వెళ్లలేదు. అవి బీజింగ్ సొంత గొంతులని తెలుసు కాబట్టి, ఎక్కడ ఆగాలో లెక్క వేసుకునే చేశారు. ఆ లెక్క కూడా తప్పింది. 48 గంటల గడువుతో బీజింగ్ హెచ్చరిక ఇచ్చింది, గడువు తీరాక ఆగస్టు 22 రాత్రి రెడ్ గార్డులు, అంటే మావో యువదళాలు, బ్రిటిష్ దౌత్య కార్యాలయాన్ని తగలబెట్టారు. హాప్సన్, ఆయన సిబ్బంది పొగలోంచి బయటికొచ్చి గుంపు చేతిలో దెబ్బలు తిన్నారు.

అదే మలుపు కూడా అయింది. విదేశాంగ శాఖ తన చేతిలోంచి జారిపోయిందని చౌకి అర్థమైంది. తిరిగి పట్టు బిగించాడు. డిసెంబరులో బాంబులు ఆపమని హాంకాంగ్ వాళ్లకి చెప్పాడు, ఆగిపోయాయి. 1971లో ఆ కార్యాలయం తగలబడటం మీద విచారం కూడా తెలిపాడు. అధికారిక లెక్కల్లో మొత్తం 51 మంది చనిపోయారు, వారిలో 15 మంది బాంబులకి.

కిరణ్77:
అంటే చివరికి ఆపింది చౌ ఎన్ లై. అయితే జనం మొగ్గు, పోలీసుల ఓర్పు ఇవన్నీ లెక్కలోకి రావా? అలాగే అదే ఏడాది నక్సల్బరీకి కూడా చైనా ఇలాగే మద్దతిచ్చింది కదా, జులై 5న పీపుల్స్ డైలీలో "వసంత మేఘ గర్జన" అని. రెండూ ఒకే పాలసీనా?

సుభాషిణి_కె:
మంచి పోలిక కిరణ్. నక్సల్బరీ వాళ్లకి మెచ్చుకోలు ఇస్తే చైనాకి ఖర్చు లేదు. హాంకాంగ్‌లో నిజంగా గెలిస్తే చైనాకే నష్టం, విదేశీ మారకం పోతుంది. మాట ఒకటే, వెనక లెక్క వేరు.

చౌ ఆపాడు, నిజం. కానీ ఆపడానికి ఆయనకి వీలు చిక్కింది ఎందుకు? మకావులోలాగా మే నెలలోనే ట్రెంచ్ సంతకం పెట్టి ఉంటే ఆపడానికి ఏమీ మిగిలేది కాదు. జనం సమ్మెలో కలిసి ఊరు స్తంభించి ఉన్నా అంతే, అంత పెద్ద ప్రజా ఉద్యమానికి బీజింగ్ వెన్ను చూపలేకపోయేది. ఊరు నడుస్తూ ఉండటం వల్లే ఆయన "చాలు" అనగలిగాడు. లండన్‌లో మంత్రులు ఆ వేసవిలో హాంకాంగ్‌ని వదిలి రావడం గురించి కూడా చర్చించుకున్నారు. సైన్యంతో కాపాడలేమని వాళ్లకి తెలుసు. అలాంటప్పుడు మిగిలింది ఆ ఊరి జనమే.

ఆ తర్వాతి సంగతి చెప్పకపోతే ఈ చర్చ సగంలో ఆగినట్టే. జనం తమ వైపు నిలబడ్డారని ప్రభుత్వానికి తెలుసు, ఊరికే నిలబడలేదని కూడా తెలుసు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకి, చిన్నవాళ్లకి పని గంటలు విడతల వారీగా రోజుకి 8కి తగ్గించారు. 1968లో ఉద్యోగ చట్టం వచ్చింది. అదే ఏడాది సిటీ డిస్ట్రిక్ట్ ఆఫీసర్లని పెట్టారు, పేటల్లో కూర్చుని జనం మాట వినడమే వాళ్ల పని. 1971లో ప్రాథమిక విద్య ఉచితం, తప్పనిసరి. 1972లో పదేళ్లలో 18 లక్షల మందికి ఇళ్లు అని పథకం. 1974లో చైనీస్ అధికార భాష అయింది. ఆలోచించండి, 98 శాతం మంది మాట్లాడే భాషకి ఆ గుర్తింపు రావడానికి 130 ఏళ్లు పట్టింది.

ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీ వాళ్లు అడిగినవి ఇందులో చాలా ఉన్నాయి. అడిగిన వాళ్లు జైలుకెళ్లారు, అడగని వాళ్లకి అందాయి.

ఫణి_అడ్వకేట్:
ఆ చివరి వాక్యం నేను రాయాల్సింది, మీరు రాశారు.

కరపత్రాలు పంచి జైలుకెళ్లిన ఆ విద్యార్థి 2007లో హాంకాంగ్ ప్రభుత్వంలో హోం వ్యవహారాల కార్యదర్శి అయ్యాడు. యెంగ్ క్వాంగ్‌కి 2001లో ఆ ప్రభుత్వమే అత్యున్నత పతకం ఇచ్చింది. అది చూసి చాలామంది కడుపు రగిలిపోయింది. చింగ్ వా వీధి పిల్లలకి గానీ లామ్ బన్‌కి గానీ ఏ పతకమూ రాలేదు. శిక్షపడ్డ మామూలు కుర్రాళ్లలో చాలామంది నేరస్తులన్న ముద్రతోనే ముసలివాళ్లయ్యారు, రికార్డులోంచి తీసేయమని ఏళ్ల తరబడి అడిగారు.

శ్రావణి:
ఫణి గారూ, సినిమా నటుల్ని కూడా నిర్బంధించారన్నారు కదా. వాళ్లు ఏమయ్యారు?

హైమ_హెచ్‌కే:
నేను చెప్తాను. ఫూ చీ, షెక్ హ్వెయ్ అని భార్యాభర్తలు. ఇద్దరూ పేరున్న తారలు, వామపక్ష స్టూడియోల్లో పనిచేసేవారు. జులై 1967లో తీసుకెళ్లారు. 1968 మార్చిలో ప్రభుత్వం వాళ్లని చైనాకి పంపించేయాలని సరిహద్దులోని లో వు వంతెన దగ్గరికి తీసుకెళ్లి "నడవండి" అంది. వాళ్లు "మేం వెళ్లం" అన్నారు. మా ఊరు హాంకాంగ్, మేం చేసిన తప్పేంటో చెప్పండి అన్నారు. ఒక పగలు, ఒక రాత్రి ఆ వంతెన మీదే ఉండిపోయారు. ముందుకి చైనా, వెనక బ్రిటిష్ పోలీసులు. చివరికి మళ్లీ వెనక్కి తీసుకొచ్చి నిర్బంధంలోనే పెట్టారు. విడుదలయ్యాక ఇద్దరూ మళ్లీ సినిమాల్లోకి వచ్చారు.

ఇప్పుడు సరిహద్దు అవతలి చైనా నగరం షెన్‌జెన్ వైపు వెళ్లే రైలు లో వు దగ్గరే ఆగుతుంది. సూట్‌కేసులు లాక్కుంటూ మేమందరం రోజూ దాటే నది అదే.